తాతలనాటి యింటి విక్రయము

పూర్వులనుండి సంక్రమించిన యిల్లు ఒక్కని చేవ్రాలుతో చేతులు మాఱవలసిన వస్తువు కాదని మన ధర్మశాస్త్రకారులు దృఢముగా విశ్వసించిరి. ఆఱవ విక్రమాదిత్య చాళుక్యుని కాలమున కల్యాణపురమున వసించి, యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు, భూమిని పరాధీనము చేయునప్పుడు ఊరివారి యనుమతియు, జ్ఞాతుల యనుమతియు, పొరుగువారి యనుమతియు, దాయాదుల యనుమతియు ఉండవలెననియు, బంగారముతోను నీటితోను ధారపోయవలెననియు చెప్పు ప్రాచీన వచనము నుదాహరించి, ఒక్కొక్కదాని ప్రయోజనమును విడమఱచి చెప్పెను. ఊరివారి యనుమతి వ్యవహారము నలుగురికిని వెల్లడి యగుటకు. పొరుగువారిది ఎల్లల తగవు పుట్టకుండుటకు. దాయాదులదో, వారు వేఱుపడిరా, ఉమ్మడిగానే యున్నారా యను సందేహము మున్ముందు తలయెత్తకుండుటకు. ఇక ధారపోయుటకు చెప్పిన కారణము మఱింత గంభీరమైనది. స్థావరమునకు విక్రయమే లేదను నిషేధ మొకటి యుండుటచేత, అమ్మక తప్పనప్పుడు సైతము దానరూపముననే అమ్మవలెనని యాయన నిర్ణయము. ఈ శాస్త్రమును పదుమూడవ శతాబ్దిలో తిక్కన సమకాలికుడగు కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను.

మితాక్షర మతమున పుత్రుడు పుట్టుకతోనే పితామహుని యాస్తిలో హక్కుదారు డగును. కావున తండ్రి యైనను తనంత తాను ఇల్లమ్మజాలడు. ఆపత్కాలమున, కుటుంబపోషణమునకు, ధర్మకార్యమునకు మాత్రమే యా యధికారము కలదు. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు, కుటుంబపు ఆస్తిపై అప్పిచ్చువాడు నిజముగా అవసర మున్నదా యని సద్బుద్ధితో విచారించి తెలిసికొనవలెననియు, అట్లు విచారించినచో, ఆ సొమ్ము పిదప ఎట్లు వ్యయమైనను అతనికి బాధ్యత లేదనియు తీర్పు చెప్పెను. మన పాత విక్రయ దస్తావేజులలో అమ్మకమునకు కారణము తప్పక కనబడుటకు మూలము, కొనువారికిని వర్తించిన యీ నియమమే. కుమార్తె వివాహపు ఖర్చులకనియు, తండ్రి చేసిన ఋణములు తీర్చుటకనియు, సర్కారు శిస్తు బకాయి చెల్లించుటకనియు వ్రాయించిన యా పంక్తులు, కొన్నవానిని రేపటి వ్యాజ్యమునుండి కాపాడుటకు దస్తావేజు లేఖకులు పొందుపఱచినవే యైనను, మన కుటుంబముల కష్టచరిత్రను వానియందు చదివినంత స్పష్టముగా మఱెక్కడను చదువలేము.

అట్టి కాగితము నొకదానిని విప్పి చూడుడు. తండ్రి తన పేరనే కాక, మైనరు కుమారుల సంరక్షకుడుగా వారి పేరనుగూడ వ్రాయించి యిచ్చియుండును. నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ తేజస్స్వామ్యములతో, పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయములకు యోగ్యముగా అనుభవించుమని చెప్పిన పిమ్మట హద్దులు వచ్చును. తూర్పున ఫలానావారి దొడ్డి, దక్షిణమున రాజబాట, పడమట పినతండ్రిగారి పాలికి వచ్చిన యిల్లు, ఉత్తరమున ఉమ్మడి సందు. అంతటితో ముగియదు, నడిమిగోడ ఉభయులదనియు, చూరునీరు ఏ వైపు పడవలెననియు, నూతిలో నీరు తోడుకొను హక్కు ఇరువాగులకును కలదనియు స్పష్టపఱతురు. అన్నదమ్ములు పంచుకొన్న యిల్లు అమ్ముడుపోయినను, ఆ గోడయు ఆ నుయ్యియు మాత్రము తెగని బంధువులై నిలుచుచుండెను. నిరక్షరాస్యులు నిశానీ వేయగా సాక్షులు సంతకములు చేయుదురు; చివర వ్రాసినవాని పేరు దస్తూరీ యని యుండును.

ఊరివారి యనుమతి స్థానమున క్రమముగా సర్కారు పుస్తకము వచ్చెను. మద్రాసు రాజధానిలో దస్తావేజుల నమోదుకు 1802లోనే రెగ్యులేష నుండెను; 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము నూఱు రూపాయలును అంతకు మించియు విలువగల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేసెను. ఇప్పుడు మనము తీయించు ఈ.సి. (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) యొకప్పటి గ్రామసభ సాక్ష్యమునకు వారసురాలని నేను తలంతును.

దాయాదుల యనుమతి మాత్రము వేఱొక దారి పట్టెను. మద్రాసు న్యాయస్థానములు ఉమ్మడి కుటుంబపు భాగస్థుడు తన యవిభక్త భాగమును వెలకు అమ్ముకొనవచ్చునని యంగీకరించుటతో, ఒక్క యన్న అప్పులపాలై తన పాలు అమ్మినచో, పరాయివాడు వంటయింటి గుమ్మమువఱకు హక్కు చెప్పు ప్రమాద మేర్పడెను. దీనికి విరుగుడుగా ఆస్తి బదిలీ చట్టపు 44వ సెక్షను, అట్టి కొనుగోలుదారునకు కుటుంబముతో కలిసి నివసించు హక్కు లేదనెను; 1893 నాటి విభాగ చట్టపు 4వ సెక్షను, అతడు విభాగమునకై దావా వేసినచో, కోర్టు కట్టిన వెలకు ఆ భాగమును తామే కొనుక్కొను అవకాశమును కుటుంబీకులకు కల్పించెను. ఇంటి పరువును ఇంత సూక్ష్మముగా గుర్తించిన శాసనములు అరుదు.

ఇంతమంది యనుమతులను లెక్కించిన యీ సంప్రదాయమున ఆడుబిడ్డ యనుమతి యెక్కడను లేదు. ఇది పెద్ద లోపము. దీనిని సమర్థించుటకు నాకు మనసొప్పదు. పసుపుకుంకుమల క్రింద ఇచ్చినదే ఆమె భాగమని లోకము తృప్తిపడెను. 1937 నాటి చట్టము వితంతువునకు భాగ మిచ్చినను అది జీవితకాల పరిమితమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి సంపూర్ణ స్వామ్యము నిచ్చియు, నివాసగృహమువద్ద మాత్రము వెనుదీసి, మగవారు తమ భాగములు పంచుకొన నిశ్చయించువఱకు ఆమె విభాగము కోరరాదని 23వ సెక్షనున నిలిపివేసెను. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి, అప్పటికి పెండ్లికాని కుమార్తెలను పుట్టుకతోడి హక్కుదారులను చేసి దేశమునకు దారి చూపెను. 2005లో కేంద్రము ఆ హక్కును దేశమంతటికి విస్తరించి, 23వ సెక్షనును తొలగించెను. తండ్రి అప్పటికి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టముచేసెను.

అయినను నేడు ఇల్లమ్ము దినమున అక్కచెల్లెండ్రను సబు రిజిస్ట్రారు కచేరికి పిలిపించి, ముసాయిదా చదివి వినిపింపకయే హక్కు విడుదల పత్రముపై సంతకము పెట్టించుట చూచుచున్నాము. తాతల యింటిని అమ్మబోవు అన్నదమ్ములారా, బేరము కుదురకముందే అక్కచెల్లెండ్రకు వెలయెంతో, వారి పాలెంతో చెప్పుడు. ముసాయిదాను వారి చేతికిచ్చి, చదువుకొనుటకు కొన్ని దినములు గడువిండు.