నల్లమల నీడలో శిలాచరిత్ర: మన నేల రాళ్ల పుట్టుక, ఆలయంలో వాటి స్థానం

గిద్దలూరు నుండి కొమరోలు మీదుగా దక్షిణానికి సాగే బాటసారికి పడమట నల్లమల, తూర్పున వెలికొండలు కానవస్తాయి. కొండలు ఎందుకు కొండలై నిలిచినవి, నడుమ నేల ఎందుకు పల్లమైనది అనే ప్రశ్నకు సమాధానం రాతిలోనే ఉన్నది. శిఖరాలు చాలావరకు క్వార్ట్జైటు అనే కఠిన శిల. పల్లపు నేల క్రింద విస్తారంగా ఉన్నది పలకరాయి. వాన, గాలి, ఎండ మెత్తని పలకరాతిని అరగదీసినవి. క్వార్ట్జైటు వద్ద వాటి పని నెమ్మదించినది. ఆలయ జీర్ణోద్ధరణ వేళ ఏ రాయి ఎక్కడ ఉంచవలెననే చర్చ సహజంగా వస్తుంది కనుక, ఈ రాళ్ల పుట్టుపూర్వోత్తరాలు భక్తులకు, దాతలకు విన్నవించుట ఉచితమని తలచితిమి.

భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ప్రాంతం నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్నది. ఒకప్పుడు ఇదంతా నీటి క్రింది నేల. అలల తాకిడి ఉన్నచోట ఇసుక, నీరు నిలకడగా ఉన్నచోట సన్నని బురద పొరలు పొరలుగా పేరుకొన్నవి. ఇసుక గట్టిపడి, రేణువుల నడుమ సందులు సిలికాతో నిండి క్వార్ట్జైటు అయినది. బురద పలకరాయి అయినది. ఈ పలకరాళ్లలో శంఖం గాని, చేప ఎముక గాని వెదకి ప్రయోజనం లేదు. నాటికి భూమిపై అట్టి జీవులే పుట్టలేదు. అయితే ఇదే బేసిన్‌లో ఇంకా పాతవైన వేంపల్లె సున్నపురాళ్లలో సూక్ష్మజీవుల చాపలు విడిచిన స్ట్రోమటోలైట్లనే గుర్తులు నేటికీ కనబడుతున్నవి.

బురద పలకరాయిగా మారిన విధం మరింత విచిత్రమైనది. తూర్పు నుండి వచ్చిన మహా పీడనానికి నల్లమల పొరలన్నీ ముడుతలు పడినవి. ఆ ఒత్తిడికి, వేడికి బంకమట్టి ఖనిజాలు రూపు మార్చుకొని సన్నని అభ్రకపు రేకులుగా, క్లోరైటుగా స్ఫటికీకరించినవి. గుప్పెడు అటుకులను రెండు అరచేతుల మధ్య నొక్కితే అవి చేతులకు సమాంతరంగా పరచుకొంటాయి కదా! ఆ రేకులూ అట్లే ఒకే దిశకు ఒరిగినవి. అందుచేతనే ఉలి ఆనించి కొట్టగానే రాయి పలుచని పలకలుగా విడివడుతుంది. కొన్ని పలకలపై ఏటవాలుగా సాగే రంగు చారలు కనబడతాయి. అవి ఆనాటి బురద పొరలు. రాయి చీలేది మాత్రం వాటి వెంట కాదు, తరువాత కలిగిన ఒత్తిడి నిర్ణయించిన దిశలో.

దీని వయస్సు ఎట్లు తెలిసినది? నల్లమల అడవిలో చలమ వద్ద, భూమి లోతుల నుండి ఎగదన్నుకొని వచ్చిన లాంప్రాయిట్ అనే శిల ఈ పలకరాళ్లను చీల్చుకొని నిలిచి ఉన్నది. దాని వయస్సు సుమారు 140 కోట్ల సంవత్సరాలని లెక్కకట్టినారు. చొచ్చుకొని వచ్చినదానికన్నా చోటిచ్చినది పెద్దది కాక తప్పదు. బ్రహ్మదేవుని ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలని పురాణ గణన. అంతటి సంఖ్యలకు అలవాటుపడిన మనకు ఈ లెక్క వింతగా తోచదు.

ఈ శిలలను క్రమపద్ధతిలో వర్ణించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. కడప, కర్నూలు శిలాశ్రేణులపై ఆయన గ్రంథం 1872లో వెలువడినది. నాడు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలోనిది. ప్రకాశం జిల్లా ఏర్పడినది 1970లో. కంభం పేరు శాస్త్ర గ్రంథాలలో ఒక శిలాశ్రేణికి నేటికీ నిలిచి ఉన్నది.

మార్కాపురం పలకపై ఓనమాలు దిద్దని తెలుగువారు ఒక తరంలో అరుదు. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి ఆ పరిశ్రమను క్రుంగదీసినవి. తరువాత నేలకు, గోడలకు పరిచే పలకలుగా ఈ రాయి విదేశాలకు సైతం వెళ్లినది. అయితే ఒక సంగతి దాచరాదు. రాయి కోయునప్పుడు లేచే దుమ్ములో సన్నని క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. అవి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే నయం కాని వ్యాధి కలుగుతుంది. ఆలయానికి రాయి సమర్పించే దాత, కోతపనిలో నీటి చిలకరింపు, ముఖానికి రక్షణ ఉన్నవో లేవో విచారించుట కూడ కైంకర్యంలో భాగమే అని మా అభిప్రాయం.

ఇక ఆలయంలో స్థానం. ఇంతటి రాయి చేతికందుతున్నా మూలవిరాట్టుకు పలకరాయి పనికిరాదు. ముక్కు తీర్చబోతే పొర లేస్తుంది. క్వార్ట్జైటు ఉలికి లొంగదు. అన్ని దిక్కులా సమానమైన కణనిర్మాణం గల, కరిగిన శిలాద్రవం చల్లారగా ఏర్పడిన డోలరైటు వంటి నల్లరాయే విగ్రహానికి తగినది. చీమకుర్తిలో దొరికే గెలాక్సీ రాయి కూడ ఆ జాతిదే. వర్తకులు గ్రానైటు అంటారు గాని, శాస్త్రరీత్యా అది గాబ్రో. శిల్పశాస్త్రాలు నాదాన్ని బట్టి శిలను పుం, స్త్రీ, నపుంసక భేదాలుగా విభజించి, గంటవలె మ్రోగునది విగ్రహానికి, తక్కినవి పీఠానికి, పునాదికి విధించినవి. లోపల పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది కనుక ఆ పరీక్ష నేటికీ చెల్లుతుంది.

అభిషేక జలం పారే చోట మరొక జాగ్రత్త అవసరం. కడప బండ, బేతంచెర్ల నాపరాయి సున్నపురాళ్లు. పెరుగు, నిమ్మరసం, పాత్రలు తోమిన చింతపండు పులుసు వాటిపై నిలిస్తే మెరుపు పోయి గుంటలు పడతాయి. పలకరాతిలో సున్నం స్వల్పం; అది ఈ పులుపును చాలా మేరకు తట్టుకొంటుంది. మెరిసే కొత్త బండల మోజులో పాత పలకరాతి నేలను తవ్విపోయుటకు ముందు ఈ భేదం స్థపతిని అడిగి తెలుసుకొనవలెను. తొలగించక తప్పనిచో ప్రతి బండను తిరగవేసి చూడవలెను. పాత శాసనాలు ఆలయపు నేలబండలలో బోర్లపడి ఉండిన సందర్భాలు మన రాష్ట్రంలో కొత్త కావు.