ఇంద్రకీలాద్రి కింద రెండు పేర్లు



విజయవాడ దుర్గమ్మ దర్శనానికి వెళ్ళివచ్చే మనలో కొండ మొదట్లో ఉన్న అక్కన్న మాదన్న గుహల్ని చూసినవాళ్ళు తక్కువే. ఆ గుహల్ని ఆ అన్నదమ్ములు తొలిపించలేదు. వాళ్ళకి సుమారు వెయ్యేళ్ళ ముందే అవి ఉన్నాయి. మరి వాళ్ళ పేరెందుకు నిలిచింది? వాళ్ళు అమ్మవారి భక్తులనీ, ఇటు వచ్చినప్పుడు అక్కడ కూర్చుని రాజకార్యాలు చూసేవారనీ పెద్దలు చెబుతారు.

అప్పట్లో ఈ కృష్ణాతీరమంతా గోలకొండ ఏలుబడి. మన బందరే వాళ్ళ ముఖ్యమైన రేవు. 1672లో గద్దెనెక్కిన తానీషా ముస్లిం. ఆయన నమ్ముకున్న మంత్రులు అక్కన్న, మాదన్నలు బ్రాహ్మణులు. భాగవతుల ఆట చూసి మెచ్చి 1678లో కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చింది కూడా తానీషాయేనని ప్రతీతి.

1685లో ఔరంగజేబు సేనలు హైదరాబాదు మీద పడి ఊరు దోచాయి. ఈ మంత్రుల్ని తీసెయ్యాలన్నది సంధి షరతుల్లో ఒకటి. కష్టాలన్నిటికీ వీళ్ళే కారణమన్న కసి దర్బారులో రగిలింది, అంతఃపురందాకా పాకింది. 1686 మార్చిలో ఒక రాత్రి, కొలువునుంచి ఇంటికి పోతున్న ఆ ఇద్దర్నీ వీధిలో నరికేశారు. బ్రాహ్మణుల ఇళ్ళు దోచుకున్నారు. ఆ రాత్రి ఎందరి గాజులు పగిలాయో!

పోనీ, అంతటితో యుద్ధం ఆగిందా అంటే, లేదు. 1687లో ఔరంగజేబు తానే వచ్చి ఎనిమిది నెలలు కోటని ముట్టడించాడు. చక్రవర్తి సున్నీ, సుల్తాను షియా. లంచం తిని కోట తలుపు తెరిపించిన అబ్దుల్లా ఖాన్ పనీ ముస్లిమే. ఒళ్ళంతా గాయాలై పడిపోయేదాకా ప్రభువుకోసం పోరాడిన అబ్దుర్రజాక్ లారీ కూడా ముస్లిమే. తానీషా దౌలతాబాదు చెరలోనే కన్నుమూశాడు.

ఈ కథని పిల్లలకి చెప్పేది ఎక్కువగా మనమే కదా! మంత్రుల హత్య ఒక్కటే చెబితే పిల్లవాడి మనసులో పగ మిగులుతుంది. కూచిపూడి దానం ఒక్కటే చెబితే ఆ రాత్రి పోయినవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది. అందుకని రెండూ చెప్పాలి. ద్రోహానికీ విశ్వాసానికీ మతం గుర్తు కాదని అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.

పోయిన ఆ మంత్రుల పేర్లని బెజవాడ జనం అమ్మవారి కొండ కిందే నిలుపుకున్నారు. ఈసారి దర్శనానికి వెళ్ళినప్పుడు పిల్లల్ని అక్కడికీ తీసుకువెళ్ళండి.