తెర వెనకాల మనోళ్లే

పట్టుచీరల కోసం మా ధర్మవరం వచ్చిన చుట్టాలు అటునుంచటే పెనుకొండ గగనమహల్, లేపాక్షి నంది చూసొస్తారు. "సినిమా తీయడానికి ఇన్ని చోట్లున్నాయే, ఒక్క స్టూడియో అయినా కట్టలేదేం?" అని అడుగుతారు. కట్టారు. కాకపోతే మద్రాసులో కట్టారు.

వడపళనిలో వాహినీ స్టూడియోకు పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామిది తాడిపత్రి. 2022లో మమ్మల్ని శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు గానీ అంతకుముందు తాడిపత్రీ మేమూ ఒకే జిల్లా. బి.ఎన్.రెడ్డితో కలిసి ఆయన పెట్టిన వాహినీ పిక్చర్స్ 1939లో 'వందేమాతరం' తీసింది. లెక్కాపత్రం చూసుకోవడానికి నారాయణస్వామి తన చిన్ననాటి స్నేహితుడు కదిరి వెంకటరెడ్డిని పిలుచుకున్నాడు. ఆ లెక్కల మనిషే 'భక్త పోతన'తో దర్శకుడు కె.వి.రెడ్డి అయ్యాడు. 1947లో 'యోగి వేమన' తీశాడు. ఆ వేమన సమాధి మా కదిరి పక్కన కటారుపల్లిలోనే ఉంది.

మరి తాడిపత్రి వాళ్లే ఎందుకు వెళ్లారు, హిందూపురం వాళ్లెందుకు వెళ్లలేదు? నాకు తోచిన జవాబు రైలు. తాడిపత్రి మీదుగా పోయేది బొంబాయి–మద్రాసు లైను. మాది గుంతకల్లు–బెంగళూరు లైను. మా సరుకూ, మా పిల్లలూ బెంగళూరుకే పోయారు.

తర్వాత వాహినీ స్టూడియో నాగిరెడ్డి చేతికొచ్చి విజయా–వాహినీ అయింది. దాని గురించి చెప్పుకునే కథల్లో నాకు బాగా నచ్చేది టెన్నిస్ కథ. 'పాతాళభైరవి'కి తోటరాముడెవరని కె.వి.రెడ్డి ఆలోచిస్తున్న రోజులు. ఒక సాయంత్రం నాగేశ్వరరావు, రామారావు టెన్నిస్ ఆడుతున్నారట. బంతి అందక రామారావుకు రోషమొచ్చి బ్యాటుతో ఒక్క బాదు బాదితే అది ఎక్కడో అవతల పడిందట. "వీడే నా తోటరాముడు" అనుకున్నాడట దర్శకుడు. స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి కొలుచుకునే మనిషి ఒక్క బంతి దెబ్బకు హీరోను తేల్చుకున్నాడంటే నాకంత నమ్మకం లేదు. అయినా ఎవరు మొదలుపెట్టినా మళ్లీ వింటాను. సినిమా 1951లో వచ్చింది. 1985లో ఆ తోటరాముడే హిందూపురం ఎమ్మెల్యే అయ్యాడు. 1989లోనూ 1994లోనూ మళ్లీ గెలిచాడు.

ఇక 'మాయాబజార్' (1957). లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు నోట్లో పడుతుంటే మద్రాసు మాయ అనుకున్నాం. కానీ అందులోని శశిరేఖ కథను అప్పటికే సురభి నాటక కంపెనీ ఊరూరా ఆడి జనానికి కంఠతా చేయించింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో నాటకంలోకి దిగిన ఆ వనారస కుటుంబం అంతకుముందు ఏం చేసేది? తోలుబొమ్మలాడించేది. ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు. సరిగ్గా మా ధర్మవరం పక్కన నిమ్మలకుంట బొమ్మలాటవాళ్ల మాదిరే. ఆ నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

అక్కడ ఒక అరుగు మీద కూర్చుని పని చూశాను. పల్చగా గీకిన మేకతోలు మీద ఘటోత్కచుడు. చిన్న ఉలితో టకటకా చిల్లులు పొడుస్తున్నాడు పెద్దాయన. ఇన్ని ఎందుకని అడిగితే బొమ్మనెత్తి ఎండకు అడ్డం పెట్టాడు. మెడలో హారం, చేతుల కడియాలు ఒక్కసారిగా వెలిగాయి. "ఇవి లేకుంటే నగల్లేవు సార్. ఎనకాల దీపం పెడితే బంగారమే," అన్నాడు. ఒకప్పుడు ఆముదం దీపాలు, చెక్కను కాలితో తొక్కితే యుద్ధం చప్పుడు, నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క. ఇప్పుడు ఆట కంటే ల్యాంప్‌షేడ్లకే గిరాకీ.

వడపళనిలో స్టూడియో చోట ఆసుపత్రి, హోటలు, మాల్ లేచాయి. ఆ మధ్య ఆసుపత్రి పనిమీద వెళ్లినప్పుడు, వాహినీ ఫ్లోర్లు ఎక్కడుండేవని గేటు దగ్గర కుర్రాణ్ని అడిగాను. "ఎన్నో ఫ్లోరుకు పోవాలి సార్?" అని లిఫ్టు చూపించాడు.