పాత డీజిల్ గోల్ఫా, కొత్త డీజిల్ గోల్ఫా?

యూకేలో ఉన్న మన అన్నదమ్ముల కోసం, అక్కచెల్లెళ్ల కోసం ఇది. ఈ పోస్టు కొంచెం పెద్దది. బ్రేక్‌లో చదువుకోండి.

కేర్ పనికో, వేర్‌హౌస్ నైట్ షిఫ్టుకో బస్సు లేని చోటికి పోవాల్సినవాళ్లం మనం. చేతిలో డబ్బు తక్కువ, తిరగాల్సిన మైళ్లు ఎక్కువ. అందుకే చూపు సెకండ్ హ్యాండ్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ మీదికి పోతుంది. ఇక రూమ్‌లో వాదన మొదలు. పాతదే గట్టిదని ఒకరు, కొత్తదే మేలని ఇంకొకరు. నిజానికి ఇద్దరి మాటా సగం నిజమే. ఎందుకో తెలియాలంటే ఈ దేశం డీజిల్‌ని ఎట్లా నెత్తిన పెట్టుకుందో, మళ్లీ ఎట్లా దించిందో చూడాలి.

ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో డీజిల్ ఇంజన్ 1976లోనే వచ్చింది. అయినా ఇక్కడ చాలాకాలం డీజిల్ అంటే ట్యాక్సీ, వ్యాను, లారీ. 2001 మార్చిలో కథ మారింది. కొత్త కార్ల రోడ్ ట్యాక్స్‌ని ఇంజన్ సైజుని బట్టి కాకుండా, వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని బట్టి వేయడం మొదలుపెట్టారు. డీజిల్ తక్కువ తాగుతుంది కాబట్టి కార్బన్ తక్కువ, పన్నూ తక్కువ. 2000లో కొత్త కార్లలో ఏడింటికి ఒకటే డీజిల్. 2011 కల్లా సగం దాటాయి. మసి, నైట్రోజన్ ఆక్సైడ్‌లు మాత్రం ఆ పన్ను లెక్కలోకి రాలేదు. ఆ బాకీ తర్వాత వసూలైంది, అదీ మనలాంటి సెకండ్ హ్యాండ్ వాళ్ల దగ్గర.

ఆ రోజుల బండి నాలుగో తరం గోల్ఫ్ 1.9 టీడీఐ. చప్పుడు ఎక్కువ, కానీ మొండిది. మామూలుగా దాంట్లో మసి పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, ఉండదు. అర మైలు పోయి ఆపినా, మళ్లీ అర మైలు పోయినా అలగదు. మన దగ్గర 1998లో వచ్చిన ఇండికా డీజిల్, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్ ట్యాక్సీవాళ్లకి అన్నం పెట్టినట్టే, ఇది ఇక్కడ చాలామందికి పెట్టింది. స్విఫ్ట్‌లో ఉన్న ఆ 1.3 ఫియట్ ఇంజన్ కుటుంబమే ఇక్కడి కోర్సా డీజిల్‌లోనూ ఉంది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ మానేసింది. అక్కడా ఇక్కడా కథ ఒకటే.

తర్వాత యూరో 5 వచ్చింది. 2011 నుంచి కొత్త డీజిల్ కార్లన్నిటికీ డీపీఎఫ్ తప్పలేదు. ఫిల్టర్‌లో చేరిన మసి బాగా వేడెక్కితేనే కాలిపోతుంది. దానికి మోటార్‌వే మీద ఆగకుండా కాసేపు నడవాలి. ఇంటింటికీ తిరిగే కేర్ పనిలో అది ఎక్కడ కుదురుతుంది? ఇంజన్ వేడెక్కేలోపే తర్వాతి ఇల్లు వస్తుంది. ఫిల్టర్ పూడిపోతుంది, లైటు వెలుగుతుంది, బిల్లు వస్తుంది. ‘పీకేస్తాం, చవకే’ అనేవాళ్ల మాట వినకండి. 2014 ఫిబ్రవరి నుంచి ఫిల్టర్ పీకేసిన బండి ఎంఓటీలో ఫెయిల్.

2015 సెప్టెంబర్ 18న అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ గుట్టు బయటపడింది. పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద ఇంకో రకంగా పనిచేసే సాఫ్ట్‌వేర్. ప్రపంచం మొత్తంలో కోటీ పది లక్షల బండ్లు. అక్కడితో డీజిల్ పరువు పోయింది. లండన్ యూలెజ్ 2019లో నగరం నడిబొడ్డున మొదలై, 2023 ఆగస్టు 29 నాటికి లండన్ బరోలన్నిటికీ పాకింది. డీజిల్ యూరో 6 కాకపోతే రోజుకి 12.50 పౌండ్లు. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు వేసుకోండి: 3,000 పౌండ్లు. పాత గోల్ఫ్ ధరే అంత ఉండదు. బర్మింగ్‌హామ్‌లో జోన్‌లోకి పోతే రోజుకి 8, బ్రిస్టల్‌లో 9.

అట్లాగని మరీ కొత్తదానికి ఎగబడక్కర్లేదు. 2017 ఏప్రిల్ 1న పన్ను మళ్లీ మారింది. ఆ తర్వాత రిజిస్టరైన డీజిల్‌కి, కార్బన్ ఎంత తక్కువున్నా, రెండో ఏడాది నుంచి ఒకటే రేటు. 140తో మొదలై 2025 ఏప్రిల్‌కి 195 పౌండ్లయింది. అంతకుముందు రిజిస్టరై, కార్బన్ 100 గ్రాములు దాటని బండికి 2025 రేటు 20 పౌండ్లే. అంటే 2015 సెప్టెంబర్ తర్వాత, 2017 ఏప్రిల్‌కి ముందు రిజిస్టరైన ఏడో తరం గోల్ఫ్ 1.6 లాంటివి యూలెజ్‌కీ మామూలుగా సరిపోతాయి, పన్నూ తక్కువే. రెండు చట్టాల మధ్య ఏడాదిన్నర సందు అది.

కాబట్టి పాతా కొత్తా కాదు, మన పని ఏమిటన్నదే ప్రశ్న. రోజూ మోటార్‌వే మీద ముప్పై మైళ్లు పోయేవాళ్లకి ఆ సందులో బండి మేలు. జోన్‌లు లేని చిన్న ఊళ్లో ఉంటే, అడుగున తుప్పు లేని పాతది ఇంకా పనికొస్తుంది. ఊళ్లోనే వీధి వీధికీ ఆగేవాళ్లం డీజిల్ జోలికి పోకుండా పెట్రోల్ చూసుకోవడం మంచిది.

ఏది కొన్నా, డబ్బు ఇచ్చేముందు నంబర్ ప్లేట్ కొట్టి ప్రభుత్వ సైటులో ఎంఓటీ చరిత్ర చూడండి. పైసా ఖర్చు లేదు. ఏ ఏడు ఎన్ని మైళ్లు తిరిగిందో, ఎందుకు ఫెయిలయ్యిందో అక్కడుంటుంది. అమ్మేవాడు మరిచిపోయింది కూడా అక్కడ రాసి ఉంటుంది.