జీర్ణోద్ధరణ

మన అధ్యక్ష మండలములోని పాత దేవాలయముల గోడలకు అమర్చిన చలువరాతి పలకలను చూడుడి. పునాదిరాయి, ప్రతిష్ఠ, జీర్ణోద్ధరణ అను మాటలు తరచుగా కానవచ్చును. మొదటి రెండింటి అర్థము అందరికిని తెలియును. మూడవ దానిని మాత్రము వెల్లవేయుట మొదలుకొని పాత గుడిని పడగొట్టి క్రొత్తది కట్టుట వరకు అన్నిటికిని వాడుచున్నాము. జీర్ణము అనగా శిథిలమైనది; ఉద్ధరణ అనగా పైకెత్తుట.

దీనికి ఆంగ్లములో వాడు రెనొవేషన్ అను మాట లాటిను భాషనుండి వచ్చినది. లాటిను బైబిలులో తీతు పత్రిక 3:5 నందు పరిశుద్ధాత్మ మనుష్యుని నూతనపరచు కార్యమునకు ఈ మాటయే ఉన్నది. సుమారు 1400 ప్రాంతమున ఆంగ్లములో ప్రవేశించినప్పుడు దానికి ఆత్మీయమైన అర్థము ఉండెను.

హెబ్రీ భాషలో ఈ సంబంధము ఇంకను స్పష్టము. యోవాషు రాజు దేవుని మందిరమును బాగుచేయ సంకల్పించెనని చెప్పు చోటను, 51వ కీర్తనలో మనస్సు నూతనము కావలెనని ప్రార్థించు చోటను ఉన్న క్రియ ఒక్కటే.

యోవాషు చరిత్ర మనకు హెచ్చరిక. అతని యేలుబడిలో 23వ సంవత్సరము వరకు మందిరపు బీటలు అట్లే యుండెను. అప్పుడు యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము ప్రక్కన ఉంచెను. కానుకలు నిండెను, పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదు. కాని యెహోయాదా మరణించిన తరువాత ఆ రాజే అతని కుమారుడైన జెకర్యాను మందిరపు ఆవరణములోనే రాళ్లతో కొట్టించెను. గోడలు నూతనమాయెను, రాజు హృదయము కాలేదు.

నా అనుభవమొకటి చెప్పెదను. నా మొదటి పాస్టరేటులో గానుగ సున్నముతో కట్టిన గుడికి సిమెంటు పూత వేయించి, జీర్ణోద్ధరణ అని పలక పెట్టించితిని. రెండు వానాకాలములకే పూత పెచ్చులూడెను. గోడలోని తేమ వెలుపలికి పోవు దారిని సిమెంటు మూసినదని ఒక వృద్ధ తాపీమేస్త్రీ తెలిపెను. ఆ పని చందాల విషయమై విడిపోయిన రెండు కుటుంబములు నేను బదిలీయగు వరకు కలిసి ప్రభు బల్లయొద్దకు రాలేదు. వారిని కలుపుటకు నేను వెచ్చించిన దినములు పూతకు వెచ్చించిన వాటికంటె తక్కువ. ఆ లోపము నాదే.

ప్రియులారా, ఈ శతవార్షిక సంవత్సరమున అనేక సంఘములు మరమ్మతులు తలపెట్టుచున్నవి. మంచిదే. పలక చెక్కించుటకు ముందు, మనలో ఎవరు ఎవరితో మాటలాడుట మానిరో లెక్క చూచుకొందము. ఉద్ధరణ అక్కడ మొదలు కావలెను.