సారా పాటల నుంచి తొలి సంతకం దాకా: రాజకీయ దృష్టి మళ్లినప్పుడు బడ్జెట్‌కు ఏమవుతుంది?

రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు చూసినా పక్కన నాలుగు గడులుంటాయి. గడిచిన ఏడాది లెక్కలు, నడుస్తున్న ఏడాది అంచనా, అదే ఏడాదికి సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. నాలుగో గడి నింపేవారి చూపు ముందుగా మూడో గడి మీదే పడుతుంది. అందుకే చాలా పద్దులు ఏటా కాస్త పెరుగుతూనో కాస్త తగ్గుతూనో సాగిపోతాయి. ఎప్పుడో ఒక ఏడాది మాత్రం ఒక పద్దు తలకిందులవుతుంది. అమెరికా రాజకీయ శాస్త్రవేత్తలు ఫ్రాంక్ బామ్‌గార్ట్‌నర్, బ్రయాన్ జోన్స్ 1993లో వెలువరించిన గ్రంథంలో ఈ తీరును వివరించారు. ప్రభుత్వాలు ఒకేసారి అన్ని సమస్యల మీదా దృష్టి పెట్టలేవు. పట్టించుకోని సమస్య ఏళ్ల తరబడి పేరుకుంటుంది. దృష్టి పడ్డ రోజున మార్పు ఒక్కసారిగా ముంచుకొస్తుంది.

ఆ వాదనకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సారా వ్యతిరేక ఉద్యమం కన్నా మంచి ఉదాహరణ మనకు లేదు. అయితే ఆ వాదనలో ఒక మెలికను కూడా ఈ ఉద్యమమే బయటపెడుతుంది.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. తాగుడు అంతకు ముందూ ఉంది, కూలి డబ్బు ఇంటికి చేరకపోవడమూ ఉంది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. కాబట్టి బాధ ఆ ఏడాదే కొత్తగా పుట్టలేదు. కొత్తగా వచ్చింది సాయంత్రపు అక్షరాస్యత తరగతి. దినమంతా చేలో పనిచేసి వచ్చిన ఆడవాళ్లు దీపం దగ్గర కూర్చుని వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం చదివారు. అందులోని ఊరి ఆడవాళ్లంతా ఒక్కటై సారా కొట్టు మూయిస్తారు. అప్పటిదాకా ఎవరి గోడల మధ్య వాళ్లు దాచుకున్న కష్టం ఊరి మాటయింది. పత్రికలు ఆ మాటను రాష్ట్రమంతా వినిపించాయి. 'ఈనాడు' ఏకంగా ప్రత్యేక పేజీయే కేటాయించింది.

ఇక్కడ ముఖ్యమైన విషయం, ఆ ఆడవాళ్లు ఎంచుకున్న చోటు. వాళ్లు శాసనసభ దగ్గరికి కాక సారా వేలం పాటల దగ్గరికి వెళ్లారు. ఏటా కాంట్రాక్టర్లూ అధికారులూ మాత్రమే ఉండే వేలం అది. దాన్ని పదేపదే అడ్డుకోవడంతో పాట వాయిదా మీద వాయిదా పడింది. అంతవరకూ సారా అంటే ఖజానాకు రాబడి. ఆ తర్వాత అది తాళి తెంచే సరుకు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకం ఆగిపోయింది.

రెండో మలుపు తీరు వేరు. సంపూర్ణ మద్యనిషేధం హామీతో 1994 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన ఎన్టీ రామారావు ప్రమాణస్వీకార వేదిక మీదే ఆ ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరిలో నిషేధం అమలులోకి వచ్చింది. దాంతో పెద్ద ఆదాయపు పద్దుకు గండి పడింది. కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఖర్చు మాత్రం అలాగే నిలిచింది. ఆ గండిని దేనితో పూడ్చాలన్నది ఆనాటి ఉత్సాహంలో ఎవరికీ పట్టలేదు. ఆ సంతకం వెనుక నిజాయితీని నేను శంకించను. కానీ ప్రజల దృష్టంతా సీసా మీదే నిలిచి, రాబడి గడి మీదికి మళ్లలేదు.

1995 సెప్టెంబరులో చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యాక దృష్టి అటు మళ్లింది. 1996లో ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక స్థితిపై శ్వేతపత్రం ప్రకటించింది. బియ్యం ధర మూడున్నర రూపాయలకు పెరిగింది. 1997లో నిషేధాన్ని సడలించారు. మద్యం వల్ల ఆడవాళ్లు పడే బాధ ఈ రెండేళ్ల పైచిలుకు కాలంలో తగ్గినందువల్ల వచ్చిన మార్పు కాదిది. మాట్లాడే గొంతు మారింది, చూసే గడి మారింది, అంతే.

సారా నిషేధం, సంపూర్ణ నిషేధం అనే ఈ రెండు మలుపులను పక్కపక్కన పెడితే బామ్‌గార్ట్‌నర్, జోన్స్‌ల సిద్ధాంతానికి ఒక చిన్న సవరణ అవసరమనిపిస్తుంది. దృష్టి ఎంత బలంగా పడిందన్నదాన్నిబట్టి మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. అది ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియాలంటే, ఆ దృష్టి దేన్ని కూల్చిందో చూడాలి. సంపూర్ణ నిషేధం దుకాణాలను మూయించిందే కానీ, ఖజానాకు మద్యంతో ఉన్న లంకెను తెంచలేకపోయింది. నెల్లూరు ఆడవాళ్లు మాత్రం సారా పాటనే కూల్చారు. అందుకే 1997 సవరణతో విదేశీ తరహా మద్యం తిరిగి వచ్చినప్పుడు కూడా సారా మీద నిషేధం చట్టంలో అలాగే ఉండిపోయింది.