సూరత్ సెన్సర్ల పాఠం: కొలిచాక ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న

గుజరాత్‌లోని సూరత్ మీదుగా తపతి నది ప్రవహిస్తుంది. స్థానికులు దీన్ని తాపీ అంటారు. నది మట్టం, ఎగువన ఉకాయ్ జలాశయానికి వచ్చే ప్రవాహం, ఫ్యాక్టరీల చిమ్నీల నుంచి వెలువడే ధూళి వంటివాటిని ఇక్కడ పరికరాలు ఎప్పటికప్పుడు కొలిచి కంప్యూటర్లకు పంపుతుంటాయి. 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాలో సూరత్‌ది నాలుగో స్థానం. 2020 సంవత్సరానికి ఉత్తమ స్మార్ట్ సిటీ అవార్డును ఇందౌర్‌తో కలిసి అందుకుంది.

తెలుగువారికి ఈ నగరం కొత్తేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వలస వెళ్లిన చేనేత కుటుంబాలు తరతరాలుగా లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది.

సెన్సర్లు అమర్చిన నగరాలు దేశంలో చాలానే ఉన్నాయి. సెన్సర్ అంకె చెప్పాక ఎవరు ఏం చేయాలి? సూరత్‌లో నది విషయంలో, చిమ్నీల విషయంలో ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరికింది. నగరం మధ్యలోని వాగుల విషయంలో ఇంకా దొరకాల్సి ఉంది.

వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ అంటే?

విడివిడిగా అమర్చిన చిన్న పరికరాలు తాము కొలిచిన అంకెలను రేడియో తరంగాల ద్వారా ఒకచోటికి చేర్చే వ్యవస్థ ఇది. ఒక్కో పరికరాన్ని 'నోడ్' అంటారు. అందులో కొలిచే సెన్సర్, లెక్క చూసే చిన్న చిప్, రేడియో, బ్యాటరీ ఉంటాయి. నోడ్లు పంపే అంకెలను 'గేట్‌వే' అందుకుని ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌కు చేరవేస్తుంది.

ఉదాహరణకు వంతెన కింద బిగించిన రాడార్ సెన్సర్ నీటి మీదకు తరంగాన్ని పంపుతుంది. అది తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి నీటి మట్టం తెలుస్తుంది. వర్షమాపకంలో చిన్న తొట్టి నిండగానే ఒరిగిపోతుంది. ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెడితే ఎంత వాన పడిందో తేలుతుంది.

వీటికి పెద్ద సమస్య విద్యుత్తు. నోడ్‌లో ఎక్కువ శక్తిని తీసుకునేది సాధారణంగా రేడియోనే. అందుకే నోడ్ ఎక్కువసేపు నిద్రావస్థలో ఉండి, నిర్ణీత వ్యవధిలో మేల్కొని, కొలిచి, అంకె పంపి మళ్లీ నిద్రలోకి వెళ్తుంది. 'లోరా' వంటి తక్కువ శక్తి సాంకేతికతలు మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో, లైసెన్సు అక్కర్లేని పౌనఃపున్యాలపై పనిచేస్తాయి. కొద్దిపాటి సమాచారాన్ని కిలోమీటర్ల దూరం పంపడానికి ఇవి సరిపోతాయి, వీడియోకు సరిపోవు. మొబైల్ సిగ్నల్ అందని నదీ పరీవాహక ప్రాంతాల్లో ఉపగ్రహం ద్వారా సమాచారం పంపుతారు.

2006 వరద ఏం నేర్పింది?

సూరత్‌కు సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉకాయ్ డ్యామ్ ఉంది. 2006 ఆగస్టులో ఎగువన కురిసిన భారీ వర్షాలకు జలాశయంలోకి వరద పోటెత్తింది. ఒక దశలో దిగువకు 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని వదలాల్సి వచ్చింది. నగరంలో అత్యధిక భాగం మునిగింది. వందమందికి పైగా చనిపోయారు.

తపతి పరీవాహక ప్రాంతం దాదాపు 65 వేల చదరపు కిలోమీటర్లు. అందులో 51 వేలకు పైగా మహారాష్ట్రలోనే ఉంది, మధ్యప్రదేశ్‌లోనూ కొంత ఉంది. అంటే సూరత్‌ను ముంచే వాన చాలావరకు వేరే రాష్ట్రాల్లో కురుస్తుంది. నగరంలో వంతెన దగ్గర మట్టం పెరగడం కనిపించేసరికి మిగిలేది కొన్ని గంటలే. బుర్హాన్‌పూర్, భుసావల్, సారంగ్‌ఖేడా వంటి ఎగువ కేంద్రాల్లో కేంద్ర జల సంఘం తీసుకునే కొలతలు ముందే అందితేనే ఉపయోగం.

జలాశయం నిర్వహణలో మరో చిక్కు ఉంది. ఉకాయ్ పూర్తిస్థాయి నీటి మట్టం 345 అడుగులు. సాగుకు, తాగునీటికి, విద్యుత్తుకు డ్యామ్ నిండుగా ఉండాలి. వరదను ఆపాలంటే ఖాళీ ఉంచాలి. ఎగువ నుంచి నమ్మదగిన అంచనా లేకపోతే అధికారి నీటిని ముందుగా వదలడానికి వెనకాడతాడు. వదిలాక వాన రాకపోతే జలాశయం నిండలేదన్న నింద ఆయన మీదే పడుతుంది.

రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 2008లో ప్రారంభించిన ఆసియా నగరాల వాతావరణ కార్యక్రమంలో సూరత్‌కు చోటు దక్కింది. దాని కొనసాగింపుగా సూరత్ క్లైమేట్ ఛేంజ్ ట్రస్ట్ ఏర్పడింది. వాన అంచనా, ఎగువ ప్రవాహం, జలాశయ మట్టం, దిగువకు వదిలే నీరు, నగరంలో మునిగే ప్రాంతాలు... వీటన్నింటినీ ఒకే గొలుసుగా కలిపే ముందస్తు హెచ్చరిక వ్యవస్థను రూపొందించారు. నీటిపారుదల శాఖ, నగరపాలక సంస్థ, విపత్తు నిర్వహణ యంత్రాంగం ఒకే సమాచారం ఆధారంగా మాట్లాడుకునే వీలు దీనివల్ల కలిగింది. డ్యామ్ నుంచి ఇన్ని క్యూసెక్కులు వదిలితే ఏ పేటలు ఖాళీ చేయించాలన్నది వరదకు ముందే తెలిసి ఉండటం ఇందులో కీలకం.

ఈ అలవాటు సెన్సర్ల కంటే పాతది. 1994లో ప్లేగు భయం సూరత్‌ను ఖాళీ చేయించింది. ఆ తర్వాతి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు (సూర్యదేవర రామచంద్రరావు) అధికారులను ఏసీ గదుల నుంచి రోజూ వీధుల్లోకి పంపారు. క్షేత్రస్థాయిలో చూసింది సమావేశంలో చెప్పాలి, దానిపై నిర్ణయం జరగాలి అన్న పద్ధతి అప్పుడే పాదుకుంది.

చిమ్నీల మీద నిఘా

సూరత్ వస్త్ర పరిశ్రమలో అద్దకం, ప్రాసెసింగ్ మిల్లులు బాయిలర్లలో బొగ్గు, లిగ్నైట్ కాలుస్తాయి. వాటి చిమ్నీల నుంచి సూక్ష్మధూళి వెలువడుతుంది. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో ఇక్కడ ధూళి ఉద్గారాలకు మార్కెట్ ప్రారంభించింది. సూక్ష్మధూళి విషయంలో ప్రపంచంలోనే ఇది మొదటిది.

చిమ్నీల్లో అమర్చిన పరికరాలు ధూళిని నిరంతరం కొలిచి సర్వర్‌కు పంపుతాయి. మిల్లులన్నీ కలిపి వదలగల ధూళికి ఒక పరిమితి పెట్టారు. ఆ మేరకు పర్మిట్లు జారీచేశారు. తక్కువ ధూళి వదిలిన మిల్లు మిగిలిన పర్మిట్లను అమ్ముకోవచ్చు. ఎక్కువ వదిలిన మిల్లు కొనుక్కోవాలి. పర్మిట్లు చాలకపోతే ముందే కట్టిన డిపాజిట్ నుంచి పరిహారం కోత పడుతుంది.

ఆర్థికవేత్తలు మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్, అనంత్ సుదర్శన్ దీన్ని ఒక ప్రయోగంగా అధ్యయనం చేశారు. 317 ఫ్యాక్టరీల్లో యాదృచ్ఛికంగా ఎంచిన 162 మార్కెట్లో చేరాయి. మిగతావి పాత నిబంధనల కిందే ఉన్నాయి. కొలిచే పరికరాలు మాత్రం రెండు వర్గాలకూ తప్పనిసరి. 2025లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మార్కెట్లో చేరిన ఫ్యాక్టరీల ఉద్గారాలు మిగతావాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గాయి. పరికరాలు ఇరువైపులా ఉన్నాయి కాబట్టి ఈ తేడా పరికరం వల్ల వచ్చింది కాదు, కొలతకు డబ్బుతో ముడిపెట్టిన నియమం వల్ల వచ్చింది.

ఇందులో మరో జాగ్రత్త కూడా ఉంది. పరికరం నుంచి డేటా రాని సమయానికి సున్నా వేయరు, ఎక్కువ ధూళి వదిలినట్టు లెక్కగడతారు. దాంతో పరికరాన్ని ఆపేస్తే మిల్లుకే నష్టం. సెన్సర్లు పాడైపోయి మూలనపడే నగరాలకు ఈ చిన్న నియమం ఎంతో పనికొస్తుంది.

వాగుల దగ్గర ఏమైంది?

సూరత్‌లో వాగులను ఖాడీలు అంటారు. 2020 ఆగస్టు, 2024 జులై, 2025 జూన్‌లలో భారీ వానలకు ఖాడీలు పొంగి లోతట్టు ప్రాంతాల్లోకి నీరు చేరింది. మీఠీ ఖాడీ ఒడ్డున ఉన్న లింబాయత్ తరచూ ఈ ముంపు బారిన పడే ప్రాంతం. తెలుగు కార్మిక కుటుంబాలు ఉండేదీ ఈ వైపే.

నది వరదకు, ఖాడీ వరదకు తేడా ఉంది. నదిలో నీరు వందల కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది కాబట్టి హెచ్చరికకు సమయం దొరుకుతుంది. ఖాడీలో కొన్ని గంటల వానకే నీరు ఇళ్లలోకి వస్తుంది. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు త్వరగా దిగదు. డ్యామ్‌కు ఉన్నట్టు ఖాడీకి ఎగువన గేట్లు ఎత్తి దించే అధికారి ఉండడు. ఆక్రమణలు, పూడిక, తూము దగ్గర అడ్డుపడిన చెత్త వంటివాటిని సెన్సర్ చూపించగలదు, తొలగించలేదు. హెచ్చరిక వచ్చినా అది గుజరాతీలోనే ఉంటే తెలుగు, ఒడియా, మరాఠీ మాట్లాడే కార్మికులకు ఎంత అర్థమవుతుందన్నది మరో ప్రశ్న.

తెలుగు నగరాలకు ఎందుకు ముఖ్యం?

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో జరిగింది ఇలాంటిదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ప్రతి గంటకూ ఆ అంకె ప్రజలకు తెలుస్తూనే ఉంది. సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం గండ్లు పడిన బుడమేరు వాగు. పెద్ద నది మీద అందరి కళ్లూ ఉన్నప్పుడు చిన్న వాగు ఊరిని ముంచింది.

విశాఖపట్నం, కాకినాడ తొలి జాబితాలోనే స్మార్ట్ సిటీలయ్యాయి. వరంగల్ 2016లోనే తర్వాత చేరింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తన ప్రాంగణాన్నే స్మార్ట్ సిటీ ప్రయోగశాలగా మార్చి గాలి, నీరు, విద్యుత్తు కొలిచే నోడ్లను పరీక్షిస్తోంది. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకే భాషలో మాట్లాడుకునేలా 'వన్ఎంటూఎం' ప్రమాణాన్ని వాడుతోంది. ఇలాంటి ఉమ్మడి ప్రమాణం లేకపోతే నగరం ఒకే కంపెనీకి కట్టుబడిపోతుంది, కాంట్రాక్టు ముగిసినరోజు డేటా కూడా చేజారుతుంది.

2025 మార్చి 31తో స్మార్ట్ సిటీస్ మిషన్ ముగిసింది. బ్యాటరీలు మార్చడం, సెన్సర్ల మీద పేరుకున్న బురద తుడవడం, కొలత సరిగా ఉందో లేదో సరిచూడటం ఇక నగరపాలక సంస్థల ఖర్చే. కొత్త టెండరు పిలిచే ముందు ప్రతి నగరం మూడు విషయాలు కాగితం మీద పెట్టుకోవాలి: ఈ అంకె ఏ స్థాయి దాటితే చర్య మొదలవుతుంది, ఆ చర్యకు బాధ్యత ఎవరిది, అంకె రాకపోతే ఏం చేయాలి. ఈ మూడింటికీ జవాబు ఉన్నచోట సూరత్‌లో ఫలితం కనిపించింది. లింబాయత్‌లోనైనా, సింగ్‌నగర్‌లోనైనా రాబోయే వానాకాలానికి ముందు తేలాల్సింది ఇదే.